పొగ, మనుషులు ఒకే దారిలో: కింగ్స్ క్రాస్ అగ్నిప్రమాదంపై కేస్ స్టడీ

భూగర్భ కట్టడాల ఫైర్ సేఫ్టీలో పనిచేసేవాళ్లు తప్పకుండా చదవాల్సిన ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. 1995లో బాకు మెట్రో, 2000లో ఆస్ట్రియాలోని కాప్రున్ సొరంగం, 2003లో దక్షిణ కొరియాలోని డేగు. ఈ మూడింటిలోనూ వందకు పైగానే చనిపోయారు. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఇంజినీర్లకు నేను ముందు లండన్ కింగ్స్ క్రాస్ కేసునే ఇస్తాను. అక్కడ ఎవరూ పెట్రోలు పోయలేదు, రైళ్లు గుద్దుకోలేదు, ఏదీ పేలలేదు. అందరూ చూస్తుండగానే ఒక చిన్న మంట పావుగంటలో 31 మందిని చంపింది. ఆ పావుగంటలో ఎవరు ఎక్కడున్నారో, ఏం నిర్ణయం తీసుకున్నారో విచారణలో నిమిషాల వారీగా రికార్డయింది. తర్వాత వచ్చిన నిబంధనల్లో ఏ ఒక్కటి తీసుకున్నా, దాని వెనక ఆ రాత్రి జరిగిన ఏదో ఒక లోపం కనిపిస్తుంది.

ముందు స్టేషన్ ఎలా ఉండేదో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కింగ్స్ క్రాస్ సెయింట్ పాంక్రాస్ లండన్ అండర్‌గ్రౌండ్‌లో బాగా రద్దీ ఉండే స్టేషన్. అప్పట్లో ఐదు లైన్లు అక్కడ కలిసేవి. లోతుగా వెళ్లే పికాడిల్లీ, విక్టోరియా లైన్లకు వేర్వేరు ఎస్కలేటర్లు ఉన్నాయి. కానీ ఆ రెండు వరుసల ఎస్కలేటర్లూ పైకొచ్చి ఒకే టికెట్ హాల్లోకి తెరుచుకునేవి. ఆ హాలు రోడ్డుకు కాస్త కిందే ఉంటుంది. అక్కణ్నుంచి మెట్లెక్కితే వీధి. దారులు రెండున్నట్టు కనిపించినా, కింద వేరుగా మొదలైనవి పైన ఒకే గదిలో కలిసేవి. డ్రాయింగ్ మీద ఎగ్జిట్లు లెక్కపెట్టి సరిపోయాయనుకునే వాళ్లందరికీ ఈ స్టేషన్ ప్లాన్ చూపించాలి. ఎన్ని ఎగ్జిట్లు ఉన్నాయన్నది ఎంత ముఖ్యమో, అవి ఎక్కడ కలుస్తున్నాయన్నదీ అంతే ముఖ్యం.

1987 నవంబర్ 18, బుధవారం. రాత్రి ఏడున్నర ప్రాంతం, ఆఫీసుల నుంచి ఇళ్లకు వెళ్లే రద్దీ ఇంకా తగ్గలేదు. పికాడిల్లీ లైన్ నుంచి పైకొచ్చే నాలుగో నంబర్ ఎస్కలేటర్ కింద మంట కనబడుతోందని ఒక ప్రయాణికుడు టికెట్ బుకింగ్ క్లర్కుకు చెప్పాడు. ఇంకొకరు ఎమర్జెన్సీ బటన్ నొక్కి ఎస్కలేటర్‌ను ఆపేశారు. అది పాతకాలపు ఎస్కలేటర్. మెట్లు, పక్క పలకలు, స్కర్టింగ్ (మెట్ల పక్కనే కింద ఉండే అంచు పలక) అన్నీ చెక్కవే. మెట్టుకూ పక్క పలకకూ మధ్య ఉన్న సందులోంచి ఎవరో గీసి పారేసిన అగ్గిపుల్ల కిందికి జారి ఉంటుందని విచారణ తేల్చింది. కింద మెట్ల చక్రాలు తిరిగే రన్నింగ్ ట్రాక్ మీద ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజు, అందులో కలిసిపోయిన కాగితం ముక్కలు, నూగు, వెంట్రుకలు. ఎస్కలేటర్ కట్టినప్పటి నుంచి ఆ భాగాన్ని పూర్తిగా శుభ్రం చేసిందే లేదు. స్కర్టింగ్ కింద చాలాచోట్ల పాత కాలిన మచ్చలు దొరికాయి. అంటే అంతకుముందూ అదే విధంగా నిప్పంటుకుని, వాటంతటవే ఆరిపోయాయి.

నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే విలువైన సాక్ష్యం ఆ మచ్చలే. స్టేషన్లలో సిగరెట్ నిషేధం అప్పటికే ఉంది. 1984 నవంబర్‌లో ఆక్స్‌ఫర్డ్ సర్కస్ స్టేషన్‌లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత, 1985లో భూగర్భ స్టేషన్లన్నిటికీ దాన్ని వర్తింపజేశారు. కానీ బయటికి వెళుతూ ఎస్కలేటర్ మీదే సిగరెట్ వెలిగించుకోవడం జనానికి అలవాటు. నిషేధం నోటీసు బోర్డు మీద ఉంది, అగ్గిపుల్ల ఎస్కలేటర్ కింద ఉంది. ఎస్కలేటర్లలో చిన్న చిన్న నిప్పులు దశాబ్దాలుగా వస్తున్నవే. ఒక్కటీ ప్రాణాలు తీయలేదు కాబట్టి అవి రావడం మామూలే అన్న నమ్మకం సంస్థలో పై నుంచి కింది దాకా పాతుకుపోయింది. ప్రమాదం తప్పిన ప్రతిసారీ ఆ నమ్మకం ఇంకాస్త గట్టిపడింది.

ఆ తర్వాత నిమిషాలు ఎలా గడిచాయో చూద్దాం. అక్కడికొచ్చిన పోలీసు కానిస్టేబుల్ రేడియో భూగర్భంలో పనిచేయదు. కబురు చెప్పడానికి అతను పైకి పరుగెత్తాల్సి వచ్చింది. ఫైర్ బ్రిగేడ్‌కు కాల్ అందేసరికి సుమారు 7:34. ఎస్కలేటర్ కింద మెషీన్ రూమ్‌లో మంటలార్పడానికి నీటి తుంపర పరికరం అమర్చి ఉంది, వాల్వు తిప్పితే చాలు. డ్యూటీలో ఉన్నవాళ్లకు దాని గురించి శిక్షణ లేదు, ఎవరూ దాన్ని వాడలేదు. 7:39 ప్రాంతంలో స్టేషన్ ఖాళీ చేయించాలని పోలీసులు నిర్ణయించారు. పికాడిల్లీ ఎస్కలేటర్లు వాడకూడదు కాబట్టి కింద ఉన్నవాళ్లను విక్టోరియా లైన్ ఎస్కలేటర్ల మీదుగా పైకి పంపారు. ఆ క్షణంలో అక్కడ నిలబడిన ఎవరైనా అదే చేసి ఉండేవారు. కానీ ఆ ఎస్కలేటర్లు చేరేదీ అదే టికెట్ హాల్‌కు. ఈ లోపు రైళ్లు కూడా ప్లాట్‌ఫాంలకు వస్తూనే ఉన్నాయి, జనం దిగుతూనే ఉన్నారు.

7:42కి మొదటి ఫైరింజన్లు వచ్చాయి. లోపలికి దిగి చూసిన సిబ్బందికి పెద్ద అట్టపెట్టె పరిమాణంలో మంట కనిపించింది. అనుభవం ఉన్న ఫైర్‌మన్‌కు అది ఒక హోస్ పైపు పని. శ్వాస పరికరాలు పెట్టుకుని, హోస్ సిద్ధం చేయమని చెప్పి, జనాన్ని బయటికి పంపుతూ ఉన్నారు. 7:45కి ఎస్కలేటర్ షాఫ్ట్ నుంచి ఒక్కసారిగా మంటల కెరటం, దాని వెంటే చిక్కటి నల్ల పొగ టికెట్ హాల్లోకి దూసుకొచ్చాయి. హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది అక్కడే చనిపోయారు. సోహో ఫైర్ స్టేషన్ అధికారి కోలిన్ టౌన్స్లీ కూడా వారిలో ఉన్నారు. మొత్తం 31 మంది చనిపోగా, వంద మంది గాయపడ్డారు. మంటలు పూర్తిగా ఆరేసరికి తెల్లవారుజామున రెండు కావస్తోంది.

మంట అలా ఒక్కసారిగా అంతటా అంటుకోవడాన్ని ఫ్లాష్‌ఓవర్ అంటారు. దాని తర్వాత కింద మిగిలిపోయినవాళ్ల కథ ఎక్కువమంది చదవరు. విక్టోరియా లైన్ ప్లాట్‌ఫాం మీద పోలీసులు ఒక రైలును ఆపి, జనాన్ని అందులో ఎక్కించి సొరంగం గుండా పక్క స్టేషన్‌కు పంపేశారు. వాళ్లు క్షేమంగా బయటపడ్డారు. ఇంకోవైపు, మిడ్‌ల్యాండ్ సిటీ అనే వేరే రైలు మార్గం ప్లాట్‌ఫాంల వైపు వెళ్లే దారిలో ఉన్న ఇనుప జాలీ గేట్లకు తాళం వేసి ఉంది. తీవ్రంగా కాలిన ఒక వ్యక్తిని పట్టుకుని అక్కడికి చేరిన పోలీసులు తాళం తీసేవాళ్లు దొరికేదాకా ఆగాల్సి వచ్చింది. పైకి వెళ్లినవాళ్లు మంటలోకి వెళ్లారు, కిందే ఉండి రైలెక్కినవాళ్లు బతికారు. ఎగ్జిట్ అంటే పైకి వెళ్లడమేనన్న మన సహజమైన ఆలోచన భూగర్భంలో పనికిరాదని చెప్పడానికి ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

మంట అంత హఠాత్తుగా ఎందుకు పెరిగింది? ముందు అనుమానం ఎస్కలేటర్ పైకప్పు మీద పొరలు పొరలుగా వేసిన పాత పెయింట్ మీద పడింది. రైళ్లు సొరంగంలో గాలిని నెట్టడం వల్ల అలా జరిగిందా అనీ చూశారు. హార్వెల్ పరిశోధనా కేంద్రంలో చేసిన కంప్యూటర్ సిమ్యులేషన్ మాత్రం ఎవరూ ఊహించని ఫలితం చూపించింది. మంట నిటారుగా పైకి లేవకుండా, ఎస్కలేటర్ మెట్లకు అంటుకుపోయి, వాలు వెంబడి పడుకుని పాకుతోంది. మొదట నిపుణులు నమ్మలేదు. తర్వాత మూడో వంతు సైజులో చెక్క ఎస్కలేటర్ నమూనా కట్టి కాల్చి చూశారు. కొన్ని నిమిషాలు మామూలుగా మండిన మంట, ఒక దశ దాటగానే సిమ్యులేషన్‌లో కనిపించినట్టే మెట్ల మీద పడుకుంది. ఆపై క్షణాల్లో పై చివర నుంచి మంట జెట్‌లా ఎగజిమ్మింది. దీనికే ట్రెంచ్ ఎఫెక్ట్ అని పేరు వచ్చింది.

సూత్రం కష్టమైనదేమీ కాదు. 30 డిగ్రీల వాలు, రెండు పక్కలా గోడల్లాంటి పలకలు, మధ్యలో కాలువలాంటి దారి. మామూలు మంట నాలుగు వైపుల నుంచీ గాలి లాక్కుంటుంది. కాలువలో పక్కల నుంచి గాలి రాదు, వాలు కింది నుంచి మాత్రమే వస్తుంది. ఆ గాలి మంటను మెట్ల మీదికి వంచుతుంది. వంగిన మంట పైనున్న చెక్కను అంటుకోకముందే వేడెక్కిస్తుంది. వేడెక్కిన చెక్క నుంచి మండే వాయువులు వస్తాయి. అవి ఒక్కసారిగా అంటుకున్నప్పుడు పైన ఉన్న గది వాటికి ఏకైక దారి. అందుకే అట్టపెట్టె అంత మంటను చూసి వేసిన అంచనా తప్పలేదు, కానీ ఆ అంచనా నిలిచే కాలం రెండు నిమిషాలే. ర్యాంపు ఉన్న సెల్లార్, వాలుగా తవ్విన సొరంగం, కేబుల్ గ్యాలరీ, ఇలాంటి చోట్ల మంటను కంటితో చూసి ఎంత టైం ఉందో చెప్పగలనని ఎవరన్నా నేను ఒప్పుకోను.

డెస్మండ్ ఫెనెల్ ఆధ్వర్యంలో జరిగిన విచారణ నివేదిక 1988 నవంబర్‌లో వచ్చింది. అందులో 157 సిఫార్సులు. లండన్ అండర్‌గ్రౌండ్ అధిపతి, దాని పైనున్న లండన్ రీజనల్ ట్రాన్స్‌పోర్ట్ అధిపతి ఇద్దరూ రాజీనామా చేశారు. అగ్గిపుల్ల పారేసిన మనిషి మీదో, డ్యూటీలో ఉన్న క్లర్కు మీదో నెపం వేసి ముగించడానికి అవకాశం ఉండి కూడా ఫెనెల్ ఆ దారి పట్టలేదు. చిన్న మంటలు తప్పవని సరిపెట్టుకున్న యాజమాన్య ధోరణినే ఆయన ప్రధానంగా తప్పుపట్టారు. మన దగ్గర ప్రమాదాల తర్వాత వచ్చే నివేదికలు ఎక్కువగా షార్ట్ సర్క్యూట్ అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోతాయి. షార్ట్ సర్క్యూట్ మంట ఎలా మొదలైందో చెబుతుంది, మనుషులు ఎందుకు బయటపడలేకపోయారో చెప్పదు.

నివేదిక వచ్చిన మరుసటి ఏడే సబ్ సర్ఫేస్ రైల్వే స్టేషన్స్ రెగ్యులేషన్స్, 1989 వచ్చాయి. బ్రిటన్‌లో అప్పటికే ఉన్న 1971 నాటి ఫైర్ ప్రికాషన్స్ యాక్ట్‌లోని 12వ సెక్షన్ కింద వీటిని చేశారు. అందుకే అక్కడి ఉద్యోగులు ఆ స్టేషన్లను సెక్షన్ 12 స్టేషన్లు అంటారు. ఆ రాత్రి జరిగినదాని పక్కన ఈ నిబంధనలు పెట్టి చదవాలి. మంటను గుర్తించే డిటెక్టర్లు, హెచ్చరిక వ్యవస్థ తప్పనిసరి, కాబట్టి ప్రయాణికుడు వచ్చి చెప్పేదాకా ఆగక్కర్లేదు. ఎస్కలేటర్ మెషీన్ రూమ్‌ల వంటి చోట్ల ఆటోమేటిక్ స్ప్రింక్లర్లు, కాబట్టి వాల్వు తిప్పే మనిషి కోసం చూడక్కర్లేదు. గోడలకు, పైకప్పులకు ఏ మెటీరియల్ వాడాలో పరిమితులు. నిప్పు, పొగ దాటకుండా ఆపే నిర్మాణం. సిగరెట్ నిషేధం సంస్థ నియమం నుంచి చట్టం స్థాయికి వెళ్లింది.

వీటన్నిటిలో నేను ఎక్కువ గౌరవించేది సిబ్బందికి సంబంధించిన నిబంధన. స్టేషన్ తెరిచి ఉన్నంతసేపూ కనీసం ఇద్దరు ఉద్యోగులు డ్యూటీలో ఉండాలి. వాళ్లకు ఫైర్ శిక్షణ ఇవ్వాలి, ఇచ్చినట్టు రికార్డు ఉండాలి. ఒకరు జనాన్ని కదిలిస్తుంటే ఇంకొకరు కబురు చెప్పగలగాలి. మనుషుల సంఖ్యను ఒక ఫైర్ నిబంధన అంకెతో సహా రాయడం చాలా అరుదు. ఖర్చు తగ్గించుకోవాలనుకునే ఏ యాజమాన్యమైనా మొదట కోత పెట్టేది సిబ్బందిలోనే. ఆ సంఖ్య చట్టంలో ఉండబట్టే అక్కడ ఇద్దరు నిలబడి ఉన్నారు.

తర్వాతి కాలంలో బ్రిటన్ మామూలు భవనాలకు అంకెల నిబంధనలు తగ్గించి, యజమానే రిస్క్ అసెస్‌మెంట్ చేసుకునే పద్ధతికి మారింది. 2005 ఫైర్ సేఫ్టీ ఆర్డర్ ఆ మార్పు తెచ్చింది. భూగర్భ స్టేషన్ల ప్రత్యేక నిబంధనలను మాత్రం వదలలేదు. 2009లో ఇంగ్లండ్‌కు వాటిని కొత్త రూపంలో మళ్లీ జారీ చేశారు. ఇది సరైన నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతాను. రిస్క్ అసెస్‌మెంట్ అంటే గత అనుభవం మీద ఆధారపడే అంచనా. 1987 నవంబర్ 17న కింగ్స్ క్రాస్‌కు అలాంటి అంచనా వేసి ఉంటే, దశాబ్దాల ఎస్కలేటర్ నిప్పుల్లో ఎవరూ చావలేదు కాబట్టి రిస్క్ తక్కువ అని తేలేది.

అన్నీ వెంటనే జరిగిపోలేదు. చెక్క పలకలు తీసేసే పని స్టేషన్ తర్వాత స్టేషన్‌గా ఏళ్లపాటు సాగింది. అండర్‌గ్రౌండ్‌లో చిట్టచివరి చెక్క ఎస్కలేటర్ గ్రీన్‌ఫర్డ్‌లో 2014 దాకా తిరిగింది, అయితే అది నేల పైనున్న స్టేషన్. రేడియోల సంగతి మరీ బాధాకరం. 1987లో పనిచేయని సమాచార వ్యవస్థ 2005 జూలై 7 బాంబు దాడుల రోజున కూడా భూగర్భంలో సహాయక సిబ్బందిని ఇబ్బంది పెట్టింది.

ఈ కేసు పక్కన నేను ఎప్పుడూ కాప్రున్‌ను పెడతాను. 2000 నవంబర్ 11న ఏటవాలు సొరంగంలో పైకి వెళుతున్న కొండ రైలుకు దిగువ చివర నిప్పంటుకుంది. సొరంగం మొత్తం పొయ్యి గొట్టంలా పొగను పైకి లాక్కుంది. పైకి పరుగెత్తినవాళ్లు చనిపోయారు. ఎంతో దూరంలో ఉన్న పై స్టేషన్‌లో కూడా పొగకు ముగ్గురు ప్రాణాలు వదిలారు. బతికిన 12 మందీ మంట పక్క నుంచే కిందికి దిగినవాళ్లు. మంట వైపే దిగమని జనానికి చెప్పాలంటే ముందే తెలిసి ఉండాలి, శిక్షణ ఉండాలి. అందుకే ఇప్పుడు మెట్రోలకు ఎక్కువగా వాడే ఎన్‌ఎఫ్‌పీఏ 130 అనే అమెరికా ఫైర్ సేఫ్టీ ప్రమాణం ప్లాట్‌ఫాం 4 నిమిషాల్లో ఖాళీ కావాలని, 6 నిమిషాల్లో అందరూ సురక్షిత స్థానానికి చేరాలని లెక్క పెడుతుంది. సురక్షిత స్థానం అన్నది వీధే కానక్కర్లేదు, పొగ రాని చోటు ఏదైనా కావచ్చు.

ఇక మన సంగతి. హైదరాబాద్ మెట్రో మొదటి దశ అంతా పిల్లర్ల మీదే ఉంది కాబట్టి భూగర్భ ఫైర్ సేఫ్టీ మనకు సంబంధం లేనిదని కొందరంటారు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో ప్యానెళ్ల దగ్గర మొదలైన మంటలో తొమ్మిది మంది ఉద్యోగులను పోగొట్టుకున్నాం. ఆరు యూనిట్లు, 900 మెగావాట్ల కేంద్రం అది. సహాయక బృందాలు సొరంగం ముఖద్వారం దాకా వచ్చి, పొగ వల్ల చాలాసేపు లోపలికి వెళ్లలేకపోయాయి. లోపల ఉన్నవాళ్లు బయటికి రావాల్సిన దారే పొగ బయటికి వచ్చే దారి కూడా. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉన్న భవనంలో మంట లేచి, పై అంతస్తుల లాడ్జిలో ఉన్న ఎనిమిది మంది చనిపోయారు. పొగ మెట్ల గుండానే పైకి వెళ్లింది.

సెల్లార్ల గురించి మన నేషనల్ బిల్డింగ్ కోడ్ చాలా స్పష్టంగా చెబుతుంది. సెల్లార్ మెట్లు గోడలతో మూసి, రెండు గంటలు మంటను తట్టుకునేలా, అంచున ఉండాలి. నేల మట్టంలో వాటిలోకి ప్రవేశం ఆరుబయట నుంచే ఉండాలి, సెల్లార్‌లో పొగ వస్తే పై అంతస్తుల ఎగ్జిట్‌ను అడ్డుకోకూడదు. సెల్లార్ చుట్టూ వెంట్లు నేల వైశాల్యంలో రెండున్నర శాతానికి తగ్గకూడదు. పార్కింగ్ సెల్లార్లలో మంట సమయంలో గంటకు 12 సార్లు గాలి మారాలి, ఫ్యాన్లు 250 డిగ్రీల వేడిలో రెండు గంటలు తిరగాలి. కింగ్స్ క్రాస్ చెప్పే ముఖ్యమైన సంగతి ఇందులో ఉంది: పొగ దారిని, మనుషుల దారిని విడదీయడం. కానీ కోడ్ దానంతటది చట్టం కాదు, రాష్ట్ర నియమాల్లోకి వచ్చినంత మేరకే దానికి బలం.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) అవసరాన్ని ప్రధానంగా నిర్ణయించేది ఎత్తు. వ్యాపార భవనాలకు 15 మీటర్లు, నివాస భవనాలకు 18 మీటర్లు. ఈ లెక్క నేల నుంచి పైకే. కిందికి ఎంత తవ్వినా అది ఎత్తులో కలవదు. 14 మీటర్ల భవనం కింద రెండు సెల్లార్లు, వాటిలో గోదాము, జనరేటర్, కరెంటు ప్యానెళ్లు, స్కూటర్ల చార్జింగ్ ఉన్నా ఎత్తు నియమం దాన్ని పట్టుకోదు. పై అంతస్తుకు కనీసం నిచ్చెన వేసి కిటికీలోంచి మనిషిని దించగలం. సెల్లార్‌కు ఆ అవకాశమే లేదు.

సెల్లార్లు చూడటానికి వెళ్లినప్పుడు నేను మొదట అడిగేది మెయిన్ కరెంటు ఆపేసి, పొగ తీసే ఫ్యాన్లు ఆన్ చేయమని. చాలాచోట్ల జనరేటర్, దాని ప్యానెల్, ఫ్యాన్లకు వెళ్లే కేబుల్ అన్నీ అదే సెల్లార్‌లో ఉంటాయి. మంట వస్తే ముందు పోయేది ఫ్యాన్లే. తర్వాత మెట్ల తలుపు చూస్తాను. గాలి కోసమో, రాకపోకల కోసమో దాన్ని ఇటుకో, కుర్చీయో అడ్డం పెట్టి తెరిచి ఉంచుతారు. ఆ ఒక్క తలుపు మూసుకోకపోతే పై అంతస్తులన్నీ సెల్లార్‌తో కలిసిపోయినట్టే.

నిబంధనల్లో నేను కోరేవి మూడు. ఎన్‌వోసీ అవసరానికి ఎత్తుతో పాటు సెల్లార్ల లోతును, వైశాల్యాన్ని కూడా ప్రమాణంగా పెట్టాలి. పార్కింగ్‌కు అనుమతి తీసుకున్న సెల్లార్‌ను గోదాముగానో, చార్జింగ్ స్టేషన్‌గానో మారిస్తే ఫైర్ అనుమతి మళ్లీ కొత్తగా తీసుకోవాలి. పై అంతస్తుల మెట్లు సెల్లార్‌లోకి నేరుగా దిగే పాత భవనాల్లో, నేల మట్టం దగ్గర గోడ కట్టి మెట్లను వేరు చేయడానికి గడువు పెట్టాలి. వీటికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనవసరం లేదు. ఇప్పుడున్న భవన నిర్మాణ నియమాలకు, ఎన్‌వోసీ నియమాలకు సవరణలు తెస్తూ ఒక జీవో ఇస్తే పని మొదలవుతుంది.